ఒంటికంటి రాణిని రాసిన ఆంటీ

పోయిన గురువారం పొద్దున ఆంటీ కొడుకు ఫోన్ చేశాడు. "దీదీ, అమ్మ నిద్దర్లోనే పోయింది," అన్నాడు. మళ్ళీ తనే, "మీ అమ్మాయికి నువ్వే చెప్పు. నావల్ల కాదు," అన్నాడు. నేను ముందు మా ఆయనకు చెప్పాను. ఆయన లేచి వెళ్ళి కారు తాళాలు తెచ్చుకుని, ఎక్కడికి వెళ్ళాలో తోచక మళ్ళీ కూర్చున్నారు.

ఆవిడ మాకు చుట్టం కాదు. సిడ్నీ శివారు వెస్ట్‌మీడ్‌లో మేం మొదట అద్దెకున్న ఫ్లాటుకు పక్క ఫ్లాటావిడ. రెండువేల సంవత్సరం రాగానే ప్రపంచంలోని కంప్యూటర్లన్నీ తేదీ తెలియక తికమకపడి ఆగిపోతాయని అందరూ భయపడుతున్న రోజులవి. ఆ భయమే మావారికి ఉద్యోగమిచ్చి సిడ్నీకి తీసుకొచ్చింది. నాకు ఆస్పత్రి ల్యాబ్‌లో సాయంత్రం షిఫ్టు దొరికింది. దిగిన వారంలోనే ఒకరోజు నేను బాల్కనీలో బట్టలు ఆరేస్తుంటే, పక్క బాల్కనీలో చేమ మొక్కల కుండీల వెనక నుంచి ఒక గొంతు, "ఏటమ్మా, తెలుగోల్లా?" అంది.

మాది గుంటూరు. ఆ యాస శ్రీకాకుళం వైపుదని పోల్చుకుని, ఏ ఊరని అడిగాను. "ఫిజీ," అన్నారావిడ. వాళ్ళ మామ్మను చెరుకు తోటల్లో పనికి ఓడెక్కించి ఫిజీ తీసుకెళ్ళారట. ఆ మామ్మ నోట్లోంచి వచ్చిన తెలుగే ఈవిడ తెలుగు. "మాటొచ్చు గాని అచ్చరం రాదు," అనేవారు. ఎనభై ఏడులో అక్కడ సైన్యం ప్రభుత్వాన్ని కూలదోశాక భర్తతో, కొడుకుతో సిడ్నీ వచ్చేశారు. అప్పటిదాకా అక్కడి స్కూల్లో హిస్టరీ చెప్పారు. మేం వచ్చేసరికి భర్త పోయారు, కొడుకు వేరే ఊళ్ళో ఉండేవాడు.

నేను షిఫ్టుకు వెళ్ళే వేళకు మా అమ్మాయి బడినుంచి నేరుగా ఆంటీ ఇంటికి వెళ్ళేది. దానికప్పుడు తొమ్మిదేళ్ళు. ఆవిడ చేమాకుల్ని కొబ్బరిపాలలో ఉడికించి పెట్టేవారు. మా ఇంట్లో ఆకుకూర ముట్టని పిల్ల అక్కడ గిన్నె ఊడ్చేది.

ఆ ఏడు జూలైలో, అంటే ఇక్కడి చలికాలంలో, ఒక శనివారం ఎవరో అమ్మేస్తున్న బల్ల ఒకటి కొన్నాం. మావారు దాన్ని కారు పైన పెట్టి, కొక్కేలున్న సాగే తాడుతో బిగిస్తున్నారు. అమ్మాయి పక్కనే నిలబడి చూస్తోంది. తాడు ఆయన చేతిలోంచి జారింది. కొక్కెం వెనక్కి కొట్టి పిల్ల ఎడమ కంటికి తగిలింది.

డాక్టర్లు చేయగలిగిందంతా చేశారు. కన్ను దక్కలేదు.

ఇంటికి తీసుకొచ్చాక దానికి నొప్పి తగ్గింది గానీ, గది దాటి వచ్చేది కాదు. బడికి వెళ్ళనంది. స్నేహితులొస్తే దుప్పటి ముసుగేసుకునేది. మావారి సంగతి ఇంకో రకం. ఆఫీసులో పని నిజంగానే ఎక్కువగా ఉండేది, కానీ ఆయన దాన్ని ఇంకా ఎక్కువ చేసుకున్నారు. ఇంట్లో ఉన్నప్పుడు పిల్లతో మాట్లాడుతూనే గోడవైపు చూసేవారు. దాని ముఖంలోకి చూడలేకపోయేవారు. అది గమనించిందని నాకు తెలుసు. ఒకే ఇంట్లో ఇద్దరినీ పట్టుకుని ఎటు లాగాలో నాకు తెలిసేది కాదు.

చూడ్డానికి వచ్చినవాళ్ళందరూ కన్నీళ్ళు పెట్టుకుని వెళ్ళారు. ఆంటీ మాత్రం కూర గిన్నెతో వచ్చారు. దుప్పటి పక్కన మంచం మీద కూర్చుని, "ఏటే గుంటా, ఉప్పు సరిపోయిందో లేదో నాకు తెల్డం లేదు. తిని సెప్పు," అన్నారు. దుప్పటిలోంచి చెయ్యి బయటికొచ్చింది. తర్వాత వంటింట్లో నేను ఏడుస్తుంటే, "జాలి పడ్డానికి ఊరంతా ఉన్నాదమ్మా. మనం పనిసూసుకోవాల," అన్నారు.

ఆవిడ చూసుకున్న పని ఒక కథ.

ఫిజీలో ఆవిడ పాఠం చెప్పిన పుస్తకాల్లో ఇంగ్లండు రాజులే ఉండేవారట. పిల్లలకు వేరే ఎవరినైనా చూపించాలని వెతుకుతుంటే, ఒక పాత పుస్తకంలో అరపేజీ దొరికింది. ఈజిప్టుకు దక్షిణాన, నైలు నది ఒడ్డున కుష్ అనే రాజ్యం. అక్కడి రాణులను కందకే అనేవారు. రోమ్ చక్రవర్తి ఈజిప్టును మింగి వీళ్ళ సరిహద్దు దాకా వస్తే, ఒక కందకే సైన్యంతో ఎదురు వెళ్ళింది. కొల్లగొట్టుకొచ్చిన చక్రవర్తి కంచు విగ్రహం తల ఒకటి ఆ రాజ్యంలో గుడి మెట్ల కింద పాతిపెట్టారు, వచ్చేపోయేవాళ్ళందరూ దాన్ని తొక్కేలా. రోమన్లు తిరిగి దాడిచేసి ఒక నగరాన్ని ధ్వంసం చేసినా ఆమె లొంగలేదు. చివరికి చక్రవర్తి ఆమె దూతలతో సంధి చేసుకుని, అడిగిన పన్ను వదులుకున్నాడు. ఆ అరపేజీలోనే ఇంకో మాట కూడా ఉంది. ఆ రాణికి ఒక కన్ను లేదు.

ఇదంతా ఆంటీ దుప్పటికే చెప్పారు. దుప్పటి కొంత తొలగింది. "ఆర్ యూ మేకింగ్ ఇట్ అప్?" అని అడిగింది మా అమ్మాయి.

"నాను టీసర్నే. అబద్దాలు సెప్తే నా ఉద్యోగం పోద్ది," అన్నారు, రిటైరై ఏళ్ళయిన ఆంటీ.

ఆ కథను పిల్లల నవలగా రాయాలని ఆవిడకు ముందే ఉందో, అప్పుడే పుట్టిందో నేనెప్పుడూ అడగలేదు. మర్నాడు మావారిని గుమ్మంలో పట్టుకున్నారు. "బాబూ, నీ కంప్యూటర్లన్నీ ఆగిపోతాయంట గదా. ఆగిపోయేలోగా నాకు టైపు నేర్పు."

ఆయన కాదనలేకపోయారు. ఆదివారం మధ్యాహ్నాలు మా ముందుగదిలో ముగ్గురూ కూర్చునేవారు. ఆంటీ రెండు వేళ్ళతో అక్షరాలు వెతుక్కుంటుంటే చూడలేక ఆయనే టైపు చేయడం మొదలుపెట్టారు. ఆవిడ తెలుగులో చెప్పేవారు, పిల్ల ఇంగ్లీషులో అడ్డం తగిలేది, ఆయన రెండూ కలిపి ఇంగ్లీషులో కొట్టేవారు. నల్ల తాడుకు వేలాడే కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ, రాణి గుర్రానికి ఏం పేరు పెట్టాలని ఆవిడ ఎంతో గంభీరంగా చర్చించేవారు. మా పిల్ల దుప్పటి మరిచిపోయింది.

ఒక ఆదివారం ఆంటీ ఒక కొత్త సంగతి చెప్పారు. యుద్ధంలో పోయిన రాణి కన్ను, నైలు నీళ్ళలో మునగగానే తిరిగి వచ్చేసిందట.

"నో," అంది మా అమ్మాయి. "దట్స్ అ లై. అది రాదు."

నేను వంటింటి గుమ్మంలో ఉన్నాను. ఆంటీ తల దించుకున్నారు. "నిజమే గుంటా. రాదు. నువ్వు బాదపడతావని నాకు బయమేసింది, అందుకు అలాగ సెప్పినాను. కొట్టెయ్ బాబూ ఆ ముక్క," అన్నారు. తర్వాత ఇంకొకటి అన్నారు. నాకు ఆవిడ మాటల్లో ఎక్కువగా గుర్తున్నది అదే: "హిస్టరీ మాటాడిన కాడ మనం నోరు మూసుకోవాల. అది నోరు మూసుకున్న కాడే మనం మాటాడాల."

"మరి కన్ను ఎలా పోయింది? హిస్టరీ చెప్పిందా?" అని అడిగింది పిల్ల.

"సెప్పనేదు."

"సో మనం చెప్పొచ్చు?"

"సెప్పొచ్చు. రోమోల్ల బాణం తగిలిందందామా?"

మా అమ్మాయి చాలాసేపు ఆలోచించింది. "రోమన్స్ కాదు," అంది. "హర్ ఓన్ గై. ఆమె సోల్జరే. ఆమెకి బెస్ట్ ఫ్రెండ్. విల్లు కడుతుంటే తాడు స్లిప్ అయింది. హీ డిడ్‌న్ట్ మీన్ ఇట్."

కీబోర్డు చప్పుడు ఆగిపోయింది. మావారు లేచి నిలబడ్డారు. ఆంటీ ఆయన వైపు చూడకుండానే, "కూకో బాబూ. వాక్యం మద్దిలో ఒగ్గేసి ఎల్లకూడదు," అన్నారు.

ఆయన కూర్చున్నారు.

"అందరూ అతన్ని పంపించెయ్యమన్నారు," అంది పిల్ల. అది తెరవైపే చూస్తోంది. "షీ సెడ్ నో. ఇప్పుడతను ఎప్పుడూ ఆమె లెఫ్ట్ సైడే నిలబడతాడు. ఆ సైడ్ ఆమెకి కనపడదు కదా."

మావారు ఆ వాక్యం టైపు చేశారు. ఎన్నో తప్పులొచ్చాయి, చెరిపి మళ్ళీ కొట్టారు. పూర్తయ్యాక తలతిప్పి పిల్ల ముఖంలోకి చూశారు. అది కంటిమీది కట్టు సర్దుకుని, "స్పెల్లింగ్ చెక్ చేయండి డాడీ," అంది. ఆంటీ లేచి, "టీ పెట్టమ్మా," అంటూ నన్ను వంటింట్లోకి తోసుకొచ్చేశారు.

డిసెంబరు ముప్ఫై ఒకటిన మావారు ఆఫీసులో కాపలా ఉన్నారు. మాకంటే ముందు ఫిజీకి కొత్త సంవత్సరం వస్తుంది. అక్కడి లౌతోకా ఊరి నుంచి ఆంటీ చెల్లెలు ఫోన్ చేస్తే, ఆవిడ వెంటనే మావారికి కబురు చెప్పించారు: "అక్కడ లైట్లు ఎలుగుతున్నాయంట. బయపడొద్దను." ఇప్పటికీ ఆయన ఆ మాట చెప్పుకుని నవ్వుతారు. ప్రపంచమంతా ఎదురుచూసిన వార్త తన ఆఫీసుకు ఆంటీ ద్వారా అందిందంటారు.

వేసవి సెలవులయ్యాక జనవరి చివర బడి తెరిచారు. మా అమ్మాయి కంటికి కట్టుతో, సంచిలో కొన్ని అధ్యాయాలతో వెళ్ళింది. టీచర్ ఒకటి చదివి వినిపించిందట. సాయంత్రం ఆంటీ, "ఏటన్నారే పిల్లలు?" అని అడిగితే, "నేను కూడా ఎవరి తలైనా పాతిపెట్టానా అని అడిగారు," అంది. ఆంటీ కళ్ళద్దాలు ఊడిపోయేలా నవ్వారు.

నవల పూర్తయ్యాక ఆవిడ ఒక ప్రచురణ సంస్థకు పంపారు. కొన్ని నెలలకు వాళ్ళు ఫోన్ చేశారు. కథ బాగుందన్నారు. కానీ రాణి కన్ను శత్రువు వల్లే పోవాలి, సొంత మనిషి వల్ల పోతే చదివే పిల్లలకు నచ్చదన్నారు. ఆంటీ మర్యాదగా, ఆ అధ్యాయం తనది కాదని, మార్చే హక్కు తనకు లేదని చెప్పారు. పుస్తకం అక్కడ ఆగిపోయింది. ఆవిడకు బాధ కలగలేదని చెప్పలేను. చాలారోజులు ఆ మాట ఎత్తలేదు. ఫోటోకాపీలు తీయించి, తీగచుట్ట బైండు చేయించి బడి లైబ్రరీకి ఇచ్చారు. పిల్లలు చదివి చదివి ఆ కాపీ అట్ట ఊడిపోతే మళ్ళీ ఇచ్చారు. ఎన్నో ఏళ్ళ తర్వాత ఒక చిన్న ప్రెస్ దాన్ని ఉన్నదున్నట్టు అచ్చువేసింది.

తర్వాత ఐటీ జోరు తగ్గి మావారి ఉద్యోగం పోవడం, ఇంకొకటి దొరకడం, మేం ఇల్లు మారడం జరిగాయి. ఆంటీ మాత్రం అదే ఫ్లాటులో, అవే కుండీల వెనక ఉండిపోయారు. మా అమ్మాయి ఇప్పుడు వంతెనలు తనిఖీ చేసే ఇంజనీరు. తెలుగు అర్థమవుతుంది, జవాబు ఇంగ్లీషులోనే చెబుతుంది. గురువారం మధ్యాహ్నం నేను ఫోన్ చేసి చెప్పాను. "ఎల్లిపోనాదా అమ్మా?" అంది. గుంటూరు తల్లి కడుపున పుట్టిన పిల్లకు దుఃఖం వచ్చినప్పుడు వచ్చిన తెలుగు ఆంటీ మామ్మది.

శనివారం దహనం అయింది. ఆదివారం, మన గుడి ఉన్న హెలెన్స్‌బర్గ్‌లో పురోహితుడి చేత కర్మ చేయించి, అక్కడి నుంచి కొండ దిగి సముద్రానికి వెళ్ళాం. ఆంటీ కొడుకు మోకాళ్ళలోతు నీళ్ళలో నిలబడి అస్థికలు కలిపాడు. మా అమ్మాయి చేత కూడా ఒక పిడికెడు వేయించాడు. వెంట తెచ్చిన దేవగన్నేరు పూలు బుట్టెడు అలల మీద వదిలాం. అలలు వాటిని లోపలికి తీసుకుపోకుండా మళ్ళీ మళ్ళీ ఒడ్డుకే తెచ్చి పోశాయి. కొంచెం అవతల ఈత నేర్చుకుంటున్న చిన్నపిల్లలు ఆ పూలు చూసి పరిగెత్తుకొచ్చారు. అవి ఎవరి కోసం తెచ్చినవో వాళ్ళకు తెలియదు. మేమూ ఆపలేదు. ఒక్కొక్కరూ ఒక్కో పువ్వు ఏరుకుని, తడిసిన చెవుల వెనక పెట్టుకుని, కేకలేసుకుంటూ నురగలోకి దూకారు.