చివరి దీపం వచ్చాకే

ల్యాంపు రూం అవ్వ సోమవారం పొద్దున, మొదటి షిఫ్టు సైరన్ మోగిన కాసేపటికి, గోదావరిఖనిలో కూతురి క్వార్టరులో చనిపోయింది. కొన్నాళ్లుగా ఆయాసంతో బాధపడుతోంది. కాలనీలో ఆమె అసలు పేరు తెలిసినవాళ్లు తక్కువ. పక్క క్వార్టరులో చాలా ఏళ్లున్నా నేనూ పేరుతో పిలిచింది లేదు. మొదట అక్క అన్నాను, తర్వాత అందరితో పాటు అవ్వ అన్నాను.

ఆమె భర్త గనిలో పైకప్పు కూలి చనిపోయాడు. ఆ ఉద్యోగం ఆమెకు వచ్చింది. దిగేవాళ్లకు టోపీ దీపాలిచ్చే ల్యాంపు రూంలో వేశారు. అక్కడి పద్ధతి తేలికైనదే. దీపం తీసుకునేవాడు తన నంబరు బిళ్ల ఇస్తాడు. దీపం తీసిన కొక్కేనికి ఆ బిళ్ల తగిలిస్తారు. పైకి వచ్చి దీపం అప్పజెప్తే బిళ్ల తిరిగిస్తారు. కొక్కేనికి బిళ్ల ఉంటే మనిషి ఇంకా కిందే ఉన్నట్టు.

దీపం ఇచ్చేటప్పుడు ఆమె పెదవులు కదిలేవి. తిరిగి తీసుకునేటప్పుడు మెల్లగా "స్తోత్రం" అనేది. గని ముందున్న మైసమ్మకు మొక్కి వచ్చినవాళ్లు కూడా ఆమె ప్రార్థన అయ్యేదాకా కిటికీ దగ్గర ఆగేవాళ్లు. ఒకాయన రోజూ అడిగేవాడు:

"అక్కా, దీపానికి చార్జింగు ఎక్కించినవా, ప్రార్థన ఎక్కించినవా?"

"రెండు ఎక్కించిన. ఒకటి అయిపోతే ఒకటి ఉంటది, నడువు."

నేను రాయదలచుకున్న సంగతి ఆమె ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాదిలో జరిగింది. అప్పటికి ఉద్యోగం ఖాయం కాలేదు. ఫోన్లు ఇంకా అందరి చేతుల్లోకి రాలేదు. ఆ రోజు మొదటి షిఫ్టు వాళ్లు పైకి వచ్చేశారు. ఒక్క కొక్కేనికి మాత్రం బిళ్ల మిగిలింది. అది ఒక బదిలీ వర్కరుది. బదిలీ వర్కరంటే ఎవరు రాకపోతే వాళ్ల పని చేసేవాడు. రోజుకో గుంపుతో దిగుతాడు. అందుకే అతను లేడని ఏ గుంపూ గమనించలేదు.

అలసిన మనిషి నడుముకున్న బ్యాటరీ సంగతి మరిచి దీపంతోనే ఇంటికి వెళ్లిపోవడం గనుల్లో అప్పుడప్పుడు జరిగేదే. ఈ మనిషే అంతకుముందు ఒకసారి అలా వెళ్లి ఆమెతో తిట్లు తిన్నాడు. అండర్ మేనేజరు అదే అన్నాడు. మళ్లీ మరిచిపోయి ఉంటాడు, ఊరు రామగిరి అవతల, రేపు తెస్తాడులే అన్నాడు. రెండో షిఫ్టు వాళ్లు కిటికీ ముందు వరసలో నిలబడి ఉన్నారు. వాళ్లు దిగి బొగ్గు పేల్చాలి.

ఆమె కిటికీ తలుపు దగ్గరికి లాగింది.

"మీరన్నదే నిజం కావచ్చు సార్. ఇంటికే పోయిండేమో. ఒక్కసారి కిందికి పోయి చూసి రాండ్రి. అప్పటిదాక దీపాలియ్య."

వరసలో గొణుగుడు మొదలైంది. జల్ది ఇయ్యమని ఒకరు, ప్రార్థన ఆదివారం చేసుకొమ్మని ఒకరు. మస్టరు పడక ఇయ్యాల్టి జీతం పోతే నువ్వు కట్టిస్తవా అని వెనక నుంచి ఇంకొకరు. అండర్ మేనేజరు అన్నిటికన్నా మెల్లగా అడిగాడు, నౌకరి మీద ఆశ లేదా అని.

"ఉంది సార్. ఇద్దరు ఆడపిల్లలున్నరు."

అంతే అన్నది. కిటికీ తెరవలేదు.

చివరికి రోజూ చార్జింగు సంగతి అడిగే ఆయనే వరసలోంచి బయటికి వచ్చి, సార్, నేను పోత అన్నాడు. అండర్ మేనేజరు తానూ వస్తానన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు, షిఫ్టు ఆగితే జవాబు చెప్పుకోవాల్సినవాడు. ఆమె కిటికీ కొద్దిగా తెరిచి ఇద్దరికీ దీపాలిచ్చింది. బదిలీ వర్కరు పేల్చాల్సిన చోటికి దగ్గరలో, ఒక పక్క దారిలో దొరికాడు. గోడ నుంచి విరిగిన బొగ్గు పెళ్ల కింద కాలు ఉంది. దీపం పగిలిపోయింది. అరిచి అరిచి గొంతు పోయింది. స్ట్రెచరు మీద పైకి తెచ్చాక అతని బిళ్లను ఆమె తన చేత్తో అతని గుప్పిట్లో పెట్టిందని, అప్పుడే ఏడ్చిందని వరసలో ఉన్నవాళ్లు చెప్పారు.

పత్రికా విలేకరిగా ఆ ప్రమాదం వార్త రాయడానికి వెళ్లి ఇదంతా విన్నాను. సాయంత్రం ఆమె వాకిట్లో చిక్కుడుకాయలు తుంచుతోంది. భయం వేయలేదా అని అడిగాను.

"ఎందుకెయ్యదు తమ్మి? మోకరిద్దామంటే మోకాళ్లే ఒంగలే. నిలవడే ప్రార్థన చేసిన. భయం తియ్యమని అడగలే. అది తీసేదాక ఆ పిలగాడు ఉంటడో ఉండడో. భయం ఉంటే ఉండనీ ప్రభువా, తలుపు మీది చెయ్యి మాత్రం తియ్యనియ్యకు అన్న."

చిక్కుడుకాయల మీంచి తల ఎత్తకుండానే ఇంకో మాట చెప్పింది. "మా ఆయన బిళ్ల గూడ పొద్దుగూకేదాక గట్లనే యాలాడిందట. దీపం మరిచి పోయిండనుకున్నరు. ఎవ్వరు అడగలే."

అది వార్తలో రాయొద్దంది. రాయలేదు. ఇప్పుడు ఆమె కూతురిని అడిగి రాస్తున్నాను.

ఆమె ఉద్యోగం పోలేదు. వేరే గనికి మారి వెళ్లేటప్పుడు అండర్ మేనేజరు ఆ కిటికీ దగ్గరికి వచ్చి చెప్పి వెళ్లాడు. రిటైరయ్యాక ఆమె కాలనీలో ఏ ఇంట్లో మొగుడు చెయ్యెత్తాడని తెలిసినా వెళ్లి గడపలో కూర్చునేది. ఏందవ్వా అని విసుక్కుంటే, "ఏం లేదు బిడ్డ, ఆయాసమొచ్చి కూసున్న" అనేది. గొడవ చల్లారేదాకా ఆ ఆయాసం తగ్గేది కాదు. చివరి ఏళ్లలో ఆయాసం నిజంగానే వచ్చింది. అప్పుడూ వెళ్లేది, కాకపోతే కర్ర పట్టుకుని.

ఆ బదిలీ వర్కరు తర్వాత పర్మనెంటై, ఇటీవలే రిటైరయ్యాడు. కొంచెం కుంటుతాడు. మంగళవారం శవపేటికను మోసిన నలుగురిలో ముందువైపు అతనున్నాడు. దారిలో ఎవరో భుజం మార్చుకుంటానంటే ఇవ్వలేదు.

గురువారం సాయంత్రం కాలనీ చర్చిలో ఆమె జ్ఞాపకార్థం ఆదరణ కూడిక ఉంది. పాస్టరు గారు నాలుగింటికి అనుకున్నారు. ఆ బదిలీ వర్కరే వెళ్లి, "ఇంకో గంట ఆగుండ్రి అయ్యగారూ, మొదటి షిఫ్టోళ్లు డ్యూటీ దిగి రావాలె" అన్నాడు. కూడిక ఐదింటికి మారింది. ఆ కిటికీ దగ్గర ఇప్పుడు పనిచేస్తున్న అమ్మాయి కూడా వస్తానంది. ఆఖరి కొక్కేనికి దీపం తగిలించి ఆమె బయలుదేరుతుంది. ఆ అమ్మాయి వచ్చాకే మొదటి ప్రార్థన.