వంద గజాల న్యాయశాస్త్రం

"ఇనబల్యా! మళ్ళీ చెప్పు! నీ కక్షిదారు జైల్లో ఉండాడు, నువ్వేమో వాడి చెవిలో గుసగుసలాడతా ఉండావు!"

ఈ గొంతు కల్నల్ మునిరామయ్యది. తిరుపతి శివార్లలో ఒక లా కాలేజీకి డీను. వంద గజాల అవతలికి వినబడనిది న్యాయమే కాదని ఆయన సిద్ధాంతం. రాజ్యాంగంలో ఈ అధికరణ ఎక్కడుందో, అదే కాలేజీలో పాఠాలు చెప్పే అమలకు ఇంతవరకూ దొరకలేదు.

కల్నల్‌గారు సైన్యంలో చాలాకాలం దేశాన్ని కాపాడారు, న్యాయశాఖలో కుర్చీ దిగకుండా. శత్రువును కంటితో చూసింది లేదు. సెలవు దాటి ఇంట్లో ఉండిపోయిన జవాన్లనే విచారించారు. అయినా రిటైరై వస్తూ వస్తూ ఒక ఫిరంగిని గొంతులో పెట్టుకొచ్చారు. ఇంట్లో ఆయన కాఫీ అడిగితే పక్కవీధిలో పాలు పొయ్యెక్కుతాయి. "పెళ్ళిచూపుల్లో నా పేరడిగినాడమ్మా. మా వీధి వీధంతా 'జయంతి' అని చెప్పినారు" అంటుంది ఆయన భార్య.

పోయినేడు ఆయన కాలేజీకొక వరం ప్రసాదించారు. మొదటి బెల్లు కాగానే పిల్లలు సగం మంది మైదానానికి ఆ కొసన, సగం మంది ఈ కొసన నిలబడాలి. ఎవరి వాదన వాళ్ళు, ఎదుటివాళ్ళకు వినబడేట్టు, అందరూ ఒక్కసారే అరవాలి. మిలటరీలో కమాండ్ ఇవ్వడం ఇట్లాగే నేర్పుతారట. కాకులు మొదటి వారంలోనే మకాం మార్చేశాయి. గేటు దగ్గర ఆటో అతను కంగారుపడ్డాడు.

"ఏం మేడమ్, బందా? ఆటో లోపల పెట్టేయాల్నా?"

"కాదప్పా, పాఠం."

అమల ఊరుకోలేదు. "సార్, నా క్లాసుకొచ్చే పొద్దుకు ఒక్కరికీ గొంతుండటం లేదు. ప్రశ్నడిగితే సైగలు చేస్తా ఉండారు."

"మంచిదే గదమ్మా. నీ క్లాసు నిమ్మళంగా ఉండాదని అందరూ మెచ్చుకుంటా ఉండారు."

అమల అసలు బెంగ పవిత్ర గురించి. కాణిపాకంలో పూలమ్మేవాళ్ళ పిల్ల. నత్తి. క్లాసులో లేచి "మై లార్డ్" అనబోయి "మై" దగ్గరే ఇరుక్కుపోయింది. అందరూ నవ్వారు. టీసీ ఇమ్మని డీను దగ్గరికి పోతే, "సెలవు మంజూరు కాలా, ఫో" అని తరిమేశారు. "మూట్ కోర్టు పోటీలోనూ నోరు రాకుంటే వెళ్ళిపోతాను మేడమ్" అంది అమలతో. అట్లాంటి పిల్లను ఈ అరుపుల సంతలోకి తోలాడీ మహానుభావుడు! అదీ రోజూ వంద గజాల అవతల, తనకెదురుగా నిలబెట్టుకుని!

ఆ ఉత్తుత్తి కోర్టు పోటీ రోజు పవిత్ర వాదించడానికి లేచింది. "మ... మ..." అమల కళ్ళు మూసుకుంది. వెనక గోడ దగ్గర కల్నల్ చెవికి చెయ్యి ఆనించుకుని నిలబడ్డారు. పవిత్ర ఆయనవైపు చూసి, నిటారైంది. గుండెనిండా గాలి పీల్చింది.

"మై లార్డ్!"

జడ్జిగా కూర్చున్న పెద్ద లాయరుగారి టీ తొణికింది. తర్వాత కూడా చాలాచోట్ల ఇరుక్కుంది. ఇరుక్కున్న చోటల్లా ఆగి, గాలి పీల్చి, మళ్ళీ దూకింది. కూర్చోలేదు. కేసు ఓడిపోయి బయటికొచ్చి, "అప్పీలుకు పోవచ్చా మేడమ్?" అనడిగింది.

పవిత్ర టీసీ అడిగిన మరుసటి సోమవారమే ఈ అరుపులు మొదలయ్యాయని అమలకప్పుడు తట్టింది. నేరుగా డీను గదికి పోయింది.

"ఆ పిల్లకోసమా సార్ ఇదంతా? విడిగా పిలిచి నేర్పొచ్చు గదా?"

"విడిగా పిలిస్తే అందరూ సూస్తారు. అందరూ అరస్తా ఉంటే యెవురి నత్తి యెవురికి ఇనబడతాదమ్మా?"

ఆయన గొంతు బల్ల దాటకపోవడం అమల చూడ్డం అదే మొదలు.

"సరే గానీ, కింద మన కాలేజీ ఛైర్మన్ వచ్చి కూర్చోనుండాడు. ఈ అరుపులెందుకని అడగతా ఉండాడు. పిల్ల పేరెత్తొద్దు. మా డీనుకు మిలటరీ తిక్క, యే డాక్టరూ కుదర్చలేడు అని చెప్పి రా తల్లీ. యాడాదిగా ఊరందరికీ చెప్తానే ఉండావు గదా, ఆయనకూ అట్లే చెప్పు."