అన్న మిక్సింగ్ చేసిన ఊరు

పోయిన మంగళవారం పొద్దున బీదర్ నుంచి వదిన ఫోన్ చేసింది. ఆమె ఎప్పుడు ఫోన్ చేసినా ముందు మా ఇంట్లో ఏం వండామో అడుగుతుంది. ఆ రోజు అడగలేదు. "మీ అన్న పోయిండు చెల్లె. చాయ్ తాగి గ్లాసు కింద పెట్టిండు, అట్లనే గోడకు ఒరిగిండు" అంది. హైదరాబాద్‌లో బస్సెక్కి, జహీరాబాద్ మీదుగా నేను చేరేసరికి ఇంటి ముందు వీధంతా జనం. అందులో సగం మంది పెళ్లిళ్లు ఆయన కెమెరా ముందే జరిగాయి.

ఆయన నాకు తోడబుట్టినవాడు కాదు. ఇరవై ఏళ్ల కిందట బ్యాంకు ఉద్యోగం మీద బీదర్ వెళ్లినప్పుడు మేము అద్దెకు దిగిన ఇంటి యజమాని. ముందు గదిలో ఆయన వీడియో స్టూడియో, వెనక వాళ్ల కాపురం, పైన మేము. దిగిన వారంలోనే నేను చెల్లెనయ్యాను, ఆయన అన్నయ్యాడు.

పెళ్లిళ్లకు వీడియో తీయడం, తీసినదాన్ని కంప్యూటర్ మీద కోసి అతికించి పాటలు పెట్టి క్యాసెట్‌గానో సీడీగానో ఇవ్వడం ఆయన పని. దాన్ని అందరూ మిక్సింగ్ అనేవాళ్లు. పనిమంతుడే, కానీ మహా ఆలస్యం. పెళ్లి సీడీ, పుట్టిన బిడ్డను ఊయల్లో వేసే తొట్లె ఫంక్షన్ నాటికి అందుతుందని ఊళ్లో నవ్వుకునేవాళ్లు. ఒకాయన నిజంగానే మనవణ్ణి ఎత్తుకుని వచ్చి, "వీని అమ్మానాయినల పెండ్లి సూపెట్టు, వీడే అడుగుతుండు" అన్నాడు. అన్న ఆ పసివాడికి జేబులోంచి సోంపు గింజలు తీసి ఇచ్చి, తాతకు కుర్చీ వేసి, ఆ సాయంత్రమే సీడీ పూర్తి చేశాడు.

అవి హైదరాబాద్ మీద అందరికీ మోజు పట్టిన రోజులు. ఇంటికొకరు కంప్యూటర్ కోర్సు కోసం అమీర్‌పేట బస్సెక్కుతున్నారు. జహీరాబాద్ రోడ్డు పక్క చేలల్లో ప్లాట్ల రాళ్లు లేస్తున్నాయి. అన్నతో కలిసి స్టూడియో నడిపిన స్నేహితుడు ఒక టీవీ ఛానెల్లో చేరి ఈయన్నీ రమ్మన్నాడు. వెళ్లాడు. నాలుగు రోజులకే సంచితో మెట్ల దగ్గర కనిపించాడు. ఏమైందని అడిగితే, "ఆడ ఒక్క మొకం ఎరుక లేదు చెల్లె. ఎవరో తెల్వనోళ్లది ఏడ కొయ్యాల్నో నాకెట్ల తెలుస్తది?" అన్నాడు. వదిన నెల రోజులు ఆయనతో సరిగ్గా మాట్లాడలేదు.

ఆ ఏడు ఆషాఢంలో, పెళ్లిళ్లు లేక మెషీన్ ఖాళీగా ఉన్నప్పుడు, ఫార్మసీ కాలేజీలో చదివే పాలస్తీనా విద్యార్థి ఒకతను చిన్న చిన్న టేపుల డబ్బా పట్టుకుని వచ్చాడు. వాటికి కాపీలు కావాలన్నాడు. టేపు ఎంతసేపు నడిస్తే కాపీ అంతసేపు పడుతుంది. అన్న ఊరికే కూర్చోలేక చూస్తూ ఉన్నాడు. రాళ్ల కొండలు, గొర్రెలు, రేకుల కప్పు ఇళ్లు, రెండు గదుల బడి. తొట్టిలోంచి చేదతో నీళ్లు తోడుతున్న ముసలామె. బడి తలుపు మీద అతికించిన కాగితం.

"ఏం కాగితమది?" అని అడిగాడు అన్న.

ఆ అబ్బాయికి వచ్చిన ఉర్దూ బీదర్ హోటళ్లలో నేర్చుకున్నది. దాంతోనే చెప్పాడు. బడిని కూలగొడతామని ఇచ్చిన నోటీసట. హెబ్రాన్ పట్టణానికి దక్షిణంగా కొండల మీద ఉన్న చిన్న ఊరు వాళ్లది. ప్రతి ఇంటికీ అలాంటి కాగితం ఉంది. అక్కడ స్థిరంగా ఎవరూ ఉండరనీ, గొర్రెల కాపరులు కాలాన్ని బట్టి వచ్చిపోతారనీ ఆ ప్రాంతాన్ని ఆక్రమించి ఏలుతున్న సైన్యపు అధికారుల వాదన. అందుకని వాళ్ల అక్క ఎవరి దగ్గరో కెమెరా సంపాదించి ఊరంతా తీస్తోంది. సెలవులకు వెళ్లొచ్చే విద్యార్థుల చేతికిచ్చి టేపులు తమ్ముడికి పంపుతోంది, ఎక్కడో ఒకచోట భద్రంగా ఉంటాయని.

కాపీలు చేసుకుని ఏం చేస్తావని అన్న అడిగితే ఆ అబ్బాయి పెట్టెలో దాచిపెడతానన్నాడు.

"కూసో తమ్మీ. ఆషాఢం పొయ్యేదాంక నాకు పనిలేదు. నీ ఊరిది మిక్సింగ్ చేద్దాం" అన్నాడు అన్న.

ఆషాఢం పోయింది, దసరా పోయింది, మళ్లీ పెళ్లిళ్లు మొదలయ్యాయి. మిక్సింగ్ మాత్రం ఎనిమిది నెలలు సాగింది. వాళ్లకు ఇంగ్లీషు రాసిపెట్టే మనిషి కావాలి కనుక నేనూ చేరాను. సాయంత్రం బ్యాంకు నుంచి రాగానే నా కోసం స్టూడియోలో ఒక కుర్చీ ఉండేది. టేపులో మాటలకు ఆ అబ్బాయి అర్థం చెప్తే నేను రాసేదాన్ని, అన్న దాన్ని తెర అడుగున ఎక్కించేవాడు. ఒకసారి మాటల మధ్య "మకాన్" అని వినబడింది. ఇల్లా అని అడిగితే కాదట, వాళ్ల భాషలో ఆ మాటకు చోటు అని అర్థమట. మా దగ్గర మకాన్ అంటే ఇల్లే అని అన్న చెప్పాడు. మళ్లీ తనే, "ఫరక్ ఏమున్నది? మనిషి ఉన్న చోటే గద ఇల్లు" అన్నాడు. ఆ అబ్బాయి ఆ మాటను తన నోట్‌బుక్కులో రాసుకున్నాడు. దాన్ని చూసి అన్న సిగ్గుపడ్డాడు.

పెళ్లి సీడీల కోసం వచ్చినవాళ్లు కౌంటర్ దగ్గర గొడవ పెట్టుకుంటుంటే, "మన ఊరోళ్ల పెండ్లిళ్లు ఆగవట్టె, ఎవరి ఊరిదో నడవవట్టె" అని వదిన లోపలి నుంచి అనేది. కానీ ఆ అబ్బాయికి జొన్నరొట్టె, పల్లీల చట్నీ పెట్టేదీ ఆమే. నీళ్లు తోడే ముసలామె అతని నాయనమ్మ అని తెలిశాక, కొత్త టేపు వచ్చినప్పుడల్లా చేతులు తుడుచుకుంటూ వచ్చి, ఆమె బాగుందో లేదో చూసిపోయేది.

సినిమా ఒక కొలిక్కి వచ్చాక, డాక్యుమెంటరీలు తెలిసిన ఒకాయన్ని హైదరాబాద్ నుంచి పిలిపించాం. ఓపికగా చూశాడు. బాగుందన్నాడు. అయితే గంటన్నర ఎవరూ చూడరు, ఇరవై నిమిషాలు చాలు అన్నాడు. అసలు ఇబ్బంది ఎక్కడంటే, అన్న ఆ ఊళ్లో ఉన్న ప్రతి మనిషినీ చూపించాడు. ఒక్కొక్కరు తమ గుమ్మం ముందు నిలబడి పేరు చెప్తారు, ఎన్నాళ్లుగా అక్కడ ఉంటున్నారో చెప్తారు. ఏ టేపులోనూ దొరకనివాళ్ల కోసం అక్కకు కబురు పెట్టి మళ్లీ తీయించాడు. ఆ భాగమంతా తీసెయ్యమన్నాడు ఆయన.

అన్న గొంతు పెంచే మనిషి కాదు. "సారూ, పెండ్లి క్యాసెట్ల ఒక్క మేనత్త మొకం రాకపోతే యాడాదంతా నిష్ఠూరమే. ఈడ మనుషులే లేరంటుండ్రట వాళ్లు. మీరే చెప్పుండ్రి, ఎవర్ని తీసెయ్యాలె?" అన్నాడు.

హైదరాబాద్ ఆయన వెళ్తూ వెళ్తూ శబ్దం కాస్త సరిచేయమని చెప్పి, ఎలాగో చూపించి వెళ్లాడు. ఆయన వెళ్లాక నేను అడిగాను, అంత పట్టుదల ఎందుకన్నా అని. అన్న కెమెరా అద్దం తుడుస్తున్నాడు. ఆయన పుట్టిన ఊరు డ్యామ్ నీళ్లలో మునిగిపోయిందని నాకు అప్పటిదాకా తెలియదు. "మా ఊరు నీళ్లల్ల పొయ్యేనాడు నా తాన కెమెరా లేకుండె చెల్లె. మా ఇల్లు ఎట్లుండెనో మా పిల్లలకు చేతులతోటి సూపెడుత" అన్నాడు. అంతే. ఆ సంగతి మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు.

సినిమా చూపించడానికి ఆదివారాలు ఊళ్లు తిరిగేవాళ్లం. తెల్ల దుప్పటి, అద్దె ప్రొజెక్టర్, ఒక ఆటో. తెర పక్కన నిలబడి అన్నే కథ చెప్పేవాడు. హుమ్నాబాద్‌లో ఉర్దూలో, బీదర్‌లో కన్నడంలో, మా వీధిలో తెలుగులో. చివర్లో నేను కాగితాలు పట్టుకుని తిరిగేదాన్ని, ఆ బడిని కూలగొట్టవద్దని కోరుతూ సంతకాల కోసం. బీదర్ దగ్గరి పల్లె జనవాడలో తొలిసారి చూపించినప్పుడు ఒక్కరూ లేవలేదు, ఒక్కరూ సంతకం పెట్టలేదు. ఎక్కడి ఊరు, మనకేం సంబంధం అని వెనక ఎవరో గొణిగారు. అప్పుడు తరతరాలుగా అక్కడే వ్యవసాయం చేసుకుంటున్న తెలుగు పెద్దాయన ఒకరు లేచి, "వాళ్ల తాన పహాణీ లేదా బిడ్డా?" అని అడిగాడు. పహాణీ అంటే భూమి ఎవరిదో చెప్పే కాగితం. ఉందని ఆ అబ్బాయి చెప్పాడు. తాత కాలం నాటిదట, దాన్ని ఒప్పుకోవట్లేదట. "కాగితం ఉండి గూడ అట్లనా" అన్నాడు పెద్దాయన. ముందుకొచ్చి బొటనవేలు చాపాడు. ఆయన వెనక వరుస కట్టారు. మా దగ్గర ఇంకు డబ్బా లేదు. ఎదురుగా ఉన్న సొసైటీ ఆఫీసు వాళ్లను లేపి తెప్పించారు.

ఈ సంగతి పోలీసుల దాకా వెళ్లింది. విదేశీ విద్యార్థి ఊళ్లు తిరిగి సినిమాలు చూపిస్తున్నాడని ఎవరో చెప్పారు. వీసా పోతే ఆ అబ్బాయి చదువే పోతుంది. భయపడి అతను వారం రోజులు స్టూడియో వైపు రాలేదు. అన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని తనంతట తనే స్టేషన్‌కు వెళ్లాడు. తోడుగా నేనూ వెళ్లాను. "స్టూడియో నాది, సినిమా మీద పేరు నాది. రాసుకునేది ఉంటే నా మీద రాసుకోండ్రి. ఆ పిలగాడు సదువుకోనీకి వచ్చిండు, సదువుకోనియ్యుండ్రి" అన్నాడు. ఇన్‌స్పెక్టర్ సీడీ అడిగి తీసుకున్నాడు. నాలుగు రోజుల తర్వాత పిలిచి తిరిగిచ్చాడు. ఇక నుంచి అనుమతి తీసుకుని చూపించుకోమన్నాడు. మేము గుమ్మం దాటుతుంటే, ఆ నీళ్లు తోడే ముసలామె ఇంకా ఉందా అని అడిగాడు. ఉందని చెప్పాడు అన్న. అనుమతి పత్రాలు రాసే పని ఆ రోజు నుంచి నాకు పడింది.

చివరి పరీక్షలకు పది రోజుల ముందు ఆ అబ్బాయికి ఇంటి నుంచి ఫోన్ వచ్చింది. ఊళ్లో మూడు ఇళ్లు కూలగొట్టారు. అందులో వాళ్లది ఒకటి. మనుషులకేమీ కాలేదు. అతను వచ్చి స్టూడియోలో కూర్చున్నాడు. ఏడవలేదు. వదిన తెచ్చిన చాయ్ అలాగే చల్లారిపోయింది. అన్న ఆ రోజు పెళ్లికి వేరే మనిషిని పంపి, షట్టర్ సగం దించి, మొదటి టేపు నుంచి మళ్లీ చూడటం మొదలుపెట్టాడు. అలా మూడు రోజులు. ఆ ఇల్లు ఎక్కడ కనబడితే అక్కడ కోసి తీశాడు. గొర్రెల వెనక ఒక మూలగా, ఆడుకునే పిల్లల మీదుగా, తల్లి గడప ఊడుస్తున్నప్పుడు లోపలి గదిగా. అన్నీ కలిపి ఒక సీడీ చేశాడు. పెళ్లి సీడీల్లోలాగా పాట లేదు, పేర్లు లేవు, తెర మీద రాలే పువ్వులు లేవు. దాన్ని ఆ అబ్బాయి చేతిలో పెట్టి, "మల్ల కట్టుకునేటప్పుడు పనికొస్తది తమ్మీ. ఏ కిటికీ ఏడుండెనో అన్నీ ఉన్నయి దీంట్ల" అన్నాడు.

అప్పుడు ఏడ్చాడు ఆ అబ్బాయి. వదిన తలుపు వెనక నిలబడి ఏడ్చింది.

పరీక్షలు రాసి, సీడీలు వెంట పెట్టుకుని అతను వెళ్లిపోయాడు. సినిమా మాత్రం వృథా పోలేదు. ఆ ఊరి తరఫున కోర్టులో వాదిస్తున్న న్యాయవాది అన్నిటికన్నా ఆ పేర్లు చెప్పే భాగాన్నే తీసుకుంది. ఏ గుమ్మం ముందు ఎవరున్నారో, ఎన్నేళ్లుగా ఉన్నారో ఆమెకు అక్కడ వరసగా దొరికింది. బడిని కూల్చడాన్ని కోర్టు తాత్కాలికంగా ఆపింది. ఆ తాత్కాలికం ఇన్నేళ్లుగా సాగుతూనే ఉంది. మన సంతకాలు ఎంత పనిచేశాయో నాకు తెలియదు. జనవాడ వేలిముద్రల కాగితాన్ని ఆమె తన ఫైల్లో ఉంచుకుందని మాత్రం ఆ అబ్బాయి రాశాడు. ఇల్లు మళ్లీ కట్టుకున్నారు. మళ్లీ నోటీసు వచ్చింది, దాని మీదా కేసు నడుస్తోంది. అతను దగ్గరి పట్టణంలో మందుల షాపు పెట్టుకున్నాడు. అన్న సంగతి చెప్పడానికి నేను ఫోన్ చేస్తే, ముందు వదిన ఎలా ఉందని ఉర్దూలోనే అడిగాడు. ఆమె ఒంటరిగా ఉండకుండా చూడమన్నాడు.

తర్వాత తర్వాత అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాయి, అన్నకు పని తగ్గింది. దాని గురించి ఆయన బాధపడినట్టు నాకెప్పుడూ అనిపించలేదు. కరెంటు బిల్లు తగ్గిందని వదినతో నవ్వేవాడు. ఎవరైనా ఆ సినిమా గురించి అడిగితే, తీసింది ఆ అబ్బాయి అక్క, తాను అతికించానంతే అనేవాడు. ఒక మనిషి మంచితనం ఇంత మామూలుగా, సోంపు వాసనతో, కౌంటర్ మీద తిట్లు తింటూ ఉంటుందని ఆయన్ని చూశాకే నాకు తెలిసింది.

నిరుడు జహీరాబాద్‌లో మా అమ్మాయి పెళ్లయింది. ఆమె మాటలు నేర్చింది ఆ ఇంట్లోనే. కెమెరా పట్టుకుని వస్తే లోపలికి రానివ్వనని అన్నకు ముందే చెప్పాను. కొత్త తెల్ల చొక్కాతో, ఖాళీ చేతులను ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తిరుగుతుంటే, పట్టుకెళ్లి మొదటి బంతిలో కూర్చోబెట్టాను. వీడియో తీసేవాళ్లు ఎప్పుడూ ఆఖరున తింటారు. నలభై ఏళ్లలో పెళ్లి భోజనం వేడిగా తినడం అదే మొదటిసారి అన్నాడు. అన్నం ఆవిరికి ఆయన కళ్లద్దాలు మసకబారాయి. అంతలో పందిరి అంచు దాటి వీడియో తీస్తున్న డ్రోన్ ఒకటి జుయ్‌మంటూ వచ్చి విస్తళ్లకు పైన గాలిలో ఆగింది. పక్కవాళ్లు విసుక్కున్నారు. అన్న పప్పన్నం ముద్ద చేతిలో అలాగే పట్టుకుని, మసక అద్దాల్లోంచి తల పూర్తిగా పైకెత్తి దానికేసి చూసి, నోరారా నవ్వాడు.