సాగదీసిన సెకను

అతన్ని ఒకసారి గాజు తలుపు బయట నిలబెట్టారు.

మీటింగ్ గది తలుపు అది. లోపల తెర మీద చూపిస్తున్నది అతను చేసిన వెబ్ పేజీయే. పొద్దున అది కుప్పకూలితే, మీటింగ్ మొదలయ్యేదాకా తన కుర్చీలో కూర్చుని నిలబెట్టినవాడూ అతనే. పేజీ నిలబడింది కాబట్టే లోపల పరువు దక్కింది. దాన్ని నిలబెడుతూ కూర్చున్నాడు కాబట్టే అతనికి ఆలస్యమైంది. తలుపు తోయబోతుంటే కంపెనీ యజమాని లోపలి నుంచి గడియ పెట్టి, నవ్వుతూ వేలితో "అక్కడే" అని చూపించాడు.

మీటింగ్ అయ్యేదాకా అతను అక్కడే నిలబడ్డాడు. గాజులోంచి చప్పట్లు కనిపించాయి, వినపడలేదు. ఆ పేజీ తన టీమ్‌దని టీం లీడ్ తలవంచి దండాలు పెడుతున్నాడు. బయటికొస్తూ యజమాని అందరూ వినేట్టు అన్నాడు: "టైమంటే గౌరవం లేనివాడు నా గదిలోకి రాకూడదు. ఏం, లేటుబాబూ?"

పకపకా నవ్వారు. ఆ రోజు నుంచి అతను ఆఫీసులో లేటుబాబు అయిపోయాడు. పుట్టి బుద్ధెరిగాక అతను ఆలస్యంగా వచ్చిన రోజు అదొక్కటే. కానీ పేరంటూ పెట్టాక ఎవరు ఆరా తీస్తారు?

ఇక టైమంటే అంత గౌరవమున్న ఆ యజమానిని, ఆయన వెనక, అందరూ ఎల్లుండి సార్ అనేవాళ్ళు. ఏది ఎప్పుడవుతుందని అడిగినా "ఎల్లుండికి అయిపోతుంది" అనడం ఆయన అలవాటు. పార్లర్ పనివాళ్ళని ఇంటికే పిలిపించుకునే యాప్ ఒకటి చేయిస్తున్నాడు. అది పోయినేడే రావాలి. రాలేదు. ఆ సంగతి ఎత్తడం మాత్రం ఆఫీసులో మర్యాద కాదు. ఉద్యోగి నిమిషం ఆలస్యమైతే అది గుణం తక్కువ. కంపెనీ ఏడాది ఆలస్యమైతే అది వ్యూహం.

లేటుబాబుకి టైము నేర్పింది వాళ్ళ అక్క. చిన్న పార్లర్ నడుపుతూ, పదిమంది తలలు దువ్వి తమ్ముణ్ణి చదివించింది. గది ఇరుకు. ఒక వాష్ బేసిన్, రెండు కుర్చీలు, వాటి ఎదురుగా గోడ గడియారం. తమ్ముడు స్కూలు నుంచి వచ్చి అక్కడే మూల స్టూలు మీద కూర్చుని చదువుకునేవాడు. "రంగు మందు తలకెక్కాక నిమిషం నీ మాట వినదురా. నువ్వే నిమిషం మాట వినాలి," అనేది అక్క. ఫోను మోగినా, ఇంటి మీద ఇల్లు పడ్డా, కడగాల్సిన వేళకి కడిగేసేది.

ఎల్లుండి సార్‌కి ఒకరోజు గొప్ప ఆలోచన వచ్చింది. తేదీ ప్రకటిస్తే తప్పిపోతామని భయం. ప్రకటించకపోతే జనం మర్చిపోతారని భయం. అందుకని వెబ్‌సైటులో పెద్ద గడియారం పెట్టమన్నాడు. ఇన్ని రోజులు, ఇన్ని గంటలు, ఇన్ని సెకన్లు మిగిలాయని తిరోగమనంలో నడిచే గడియారం. సున్నాకి చేరగానే యాప్ తెరుచుకుంటుంది. ఆ పని లేటుబాబుకే అప్పగించాడు. "నీకూ కాస్త టైమంటే ఏమిటో తెలుస్తుంది."

అతను ప్రాణం పెట్టి చేశాడు. నల్లటి పలక మీద తెల్లటి అంకెలు, ఒక్కో సెకను రెప్ప వాల్చినట్టు మారేది. మొదట తీసుకెళ్ళి అక్కకే చూపించాడు.

"ఇది సున్నా అయిందంటే నీకు గది అక్కర్లేదే. బుకింగులన్నీ ఫోనుకే వస్తాయి. బ్యాగు తగిలించుకుని నువ్వే వాళ్ళిళ్ళకి వెళ్తావు."

"నిజంగానా? ఈ గది ఓనరు మొహం చూడక్కర్లేదా?"

"మొహమే కాదు, వీపు కూడా."

అక్క అంత మురిసిపోవడం అతనెప్పుడూ చూడలేదు. వెంటనే పేరు నమోదు చేసుకుంది. వేళ్ళు మడిచి లెక్కపెట్టి, ఫలానా నెలాఖరుకి గది ఖాళీ చేస్తానని ఓనరుకి మాటిచ్చేసింది. ఓనరు ఊరుకుంటాడా? ఆ మర్నాడే మందుల షాపు పెట్టుకుంటానన్న ఒకతనికి తానూ మాటిచ్చేశాడు. అలా ఒక గది, ఒక మనిషి బతుకుదెరువు, తమ్ముడి గడియారానికి వేలాడాయి.

కొన్ని వారాలకి మళ్ళీ మీటింగ్. ఈసారి లేటుబాబు అందరికంటే ముందే వెళ్ళి కూర్చున్నాడు.

"ఎంతవరకొచ్చింది?" అన్నాడు ఎల్లుండి సార్.

"తొంభై శాతం అయిపోయింది సార్," అన్నాడు టీం లీడ్.

"పోయిన నెలా తొంభయ్యే అన్నావు కదయ్యా?"

"అది వేరే తొంభై సార్."

ఎవరూ నవ్వలేదు. అదీ ఆ వృత్తి విశేషం. నవ్వాల్సిన చోట నోట్సు రాసుకుంటారు, నోట్సు రాసుకోవాల్సిన చోట చప్పట్లు కొడతారు.

లేటుబాబు నోరు తెరిచాడు. "సార్, బుకింగ్ భాగం ఇంకా మొదలే పెట్టలేదు. గడియారం సున్నాకి వచ్చేసరికి తలుపు ఉంటుంది గానీ వెనక ఇల్లుండదు. ఇంకో ఆర్నెల్లు పడుతుంది."

"లేటుగా వచ్చేవాడికి లోకమంతా లేటుగానే కనబడుతుంది," అన్నాడు ఎల్లుండి సార్. దానికి మాత్రం నవ్వారు. కానీ మీటింగ్ అయ్యాక అతన్నొక్కణ్ణే ఆపాడు. ఆర్నెల్ల మాట ఆయనకీ తెలుసు.

"ఆ గడియారాన్ని కాస్త వెనక్కి తిప్పు."

"తిప్పితే దొరికిపోతాం సార్. నిన్న నెలన్నది ఇవాళ ఆర్నెల్లంటే జనం ఊరుకుంటారా?"

"అయితే తిప్పకు. నిదానంగా నడిపించు."

"అంటే?"

"సెకన్ని సాగదియ్యి. సగం ఎక్కువ చెయ్యి చాలు. ముందు గండం గడవనీ, తర్వాత ఇంకాస్త సాగదీద్దాం."

"సెకనంటే సెకనే కదా సార్!"

"బయట. మన వెబ్‌సైటులో మన సెకను." భుజం మీద చెయ్యేశాడు. "జనం కాలం గడవట్లేదనుకుంటారు గానీ గడియారాన్ని అనుమానించరయ్యా. ఓపిక లేదని వాళ్ళని వాళ్ళే తిట్టుకుంటారు. చూస్తూ ఉండు."

నేను చెయ్యకపోతే ఇంకొకడు చేస్తాడు అనుకున్నాడు లేటుబాబు. తప్పుడు పని చేసే ప్రతివాడి జేబులోనూ ఈ మాట మడతపెట్టి ఉంటుంది. చేసేశాడు. ఒక చిన్న గుణకారం, ఒక్క వరస కోడు. సెకను సెకనున్నర అయింది. అంకెలు మునుపటిలాగే రెప్పలు వాల్చాయి, కాకపోతే కాస్త మత్తుగా.

ఎల్లుండి సార్ చెప్పినట్టే జరిగింది. లోకం ఎంత బుద్ధిమంతురాలో! "రోజులు గడవట్లేదు", "ఇంకెంత సేపు" అని జనం రాస్తుంటే ఆయన వాటిని అందరికీ చదివి వినిపించేవాడు. "ఆకలి చూశారా? మన మీద ఆకలి!" టీం లీడ్ తలూపేవాడు. మత్తుగడియారం చేసినవాడు మాత్రం కిటికీలోంచి చూస్తూ కూర్చునేవాడు.

ఒక సాయంత్రం అక్క దగ్గరికి వెళ్ళేసరికి ఆవిడ అట్టపెట్టెల మధ్య కూర్చుని వేళ్ళు మడుస్తోంది.

"ఒరేయ్, నాకు లెక్కలెప్పుడొచ్చాయి గనక! ఈ నెలాఖరుకి అయిపోతుందని ఓనరుకి చెప్పి కూర్చున్నాను. నీ గడియారమేమో ఇంకా బోలెడు రోజులు చూపిస్తోంది. ఎన్నిసార్లు లెక్కపెట్టినా నాదే తప్పు వస్తోంది. నీకూ చిన్నప్పుడు లెక్కలు నేనే చెప్పాను, ఖర్మ!"

అతను నవ్వాడు. నీళ్ళు నమిలి, "పోనీలే అక్కా, ఓనర్ని ఇంకొన్నాళ్ళు ఆగమను," అన్నాడు.

"వాడా? మందులతను బల్లలు కూడా చేయించుకున్నాడు. ఒకటో తారీఖుకి నా సామాను బయట పెట్టేస్తానన్నాడు ఓనరు."

ఆ మాట విన్నాక కూడా అతను నిజం చెప్పలేదు. ఉద్యోగం పోతుందని భయం. అంతకంటే, అక్క తనని చూసే చూపు మారిపోతుందని భయం. ఏ పిరికివాడికైనా ఏదో ఒక మెత్తటి కారణం దొరుకుతుంది.

చెప్పించింది టీచరమ్మ జుట్టు.

ఆ వీధి స్కూల్లో పాఠాలు చెప్పే టీచరమ్మ, తలకి బంగారు రంగు చారలు వేయించుకుందామని వచ్చింది. ముందు బ్లీచ్ పెట్టి జుట్టు రంగు దించాలి. అక్క పెట్టింది. గోడ గడియారం అప్పటికే అట్టపెట్టెలోకి వెళ్ళిపోయింది. ఎదురుగా ఫోన్లో తమ్ముడి గడియారం. ఎలాగూ రోజంతా దాన్నే చూస్తోంది కదా, దాన్నే పెట్టుకుంది. ఇన్ని నిమిషాలు తగ్గాక కడగాలని గుర్తుంచుకుని, సీసాలు కాగితాల్లో చుడుతూ కబుర్లలో పడింది. "కాస్త మంటగా ఉందేంటండీ?" అంది టీచరమ్మ. అక్క ఫోను చూసింది. "ఇంకా టైముంది మేడమ్," అంది.

కడిగేసరికి జుట్టు చేతిలోకి వచ్చేసింది.

లేటుబాబు వెళ్ళేసరికి టీచరమ్మ తువ్వాలు చుట్టుకుని నిలబడి ఉంది. "నా తలేమైనా గడ్డివామా? రేపు పిల్లల ముందు ఏ మొహంతో నిలబడను?" అని, తలుపు ధడాలున వేసి వెళ్ళిపోయింది. అక్క బేసిన్‌లోకి చూస్తూ ఉంది.

"ఇన్నేళ్ళలో ఒక్క తల పాడవలేదురా. నా కళ్ళు పోయాయా? నీ గడియారమే పెట్టుకున్నాను. చూస్తూనే ఉన్నాను."

"నీ తప్పు కాదక్కా."

"మరెవరిది?"

"ఆ సెకను నేనే సాగదీశాను. యాప్ ఇంకా తయారవలేదు. ఎల్లుండి సార్ సాగదియ్యమన్నాడు, సాగదీశాను. నీ లెక్క కరెక్టే. మొదటి నుంచీ నీ లెక్కే కరెక్టు."

కొడుతుందనుకున్నాడు. కొట్టలేదు. అట్టపెట్టె విప్పి, గోడ గడియారం తీసి, కొంగుతో తుడిచి మేకుకి తగిలించింది.

"నాకు లెక్కలు రావని నవ్వావు కదరా మొన్న," అంది. "నువ్వు నవ్వావు."

అతను ఆ స్టూలు మీదే కూర్చుని, ఫోన్లోంచే ఆఫీసు సర్వర్‌లోకి వెళ్ళి, ఆ ఒక్క వరస తీసేశాడు. గడియారం ఒక్క గంతు వేసింది. బోలెడు రోజులు కాస్తా రెండు రోజులయ్యాయి. మర్నాడు ఎల్లుండి సార్ అడిగాడు: "నువ్వేనా?" "నేనే," అన్నాడు. చెప్పాల్సింది అంతే అనిపించింది. వాచ్‌మన్ తోడుగా వచ్చి గేటు దాటించాడు.

గడియారం తన అసలు వేళకి సున్నా అయింది. తలుపు తెరుచుకుంది. వెనక ఇల్లు లేదు. జనం దుమ్మెత్తిపోశారు. కంపెనీ ప్రకటన మరుసటి రోజే వచ్చింది: ఒక ఉద్యోగి నిర్లక్ష్యం వల్ల యాప్ ఆలస్యమవుతున్నందుకు చింతిస్తున్నామని. అంటే ఏడాదిన్నర ఆలస్యం మొత్తం లేటుబాబు నెత్తిన పెట్టారు. పేరు ముందే పెట్టి ఉంచారు కదా, సరిగ్గా సరిపోయింది.

ఆ సున్నానే అక్క ఓనరుకి చూపించింది. "వస్తుందన్నది రాలేదు. నేను కదలను. నా సామాను మీద చెయ్యెయ్యి చూద్దాం." ఓనరు గింజుకున్నాడు, మందులతను బల్లలు చూపించి ఏడ్చాడు. చివరికి ముందు భాగం మందుల షాపుకి, బేసిన్ ఉన్న వెనక భాగం అక్కకి అని తేలింది. మధ్యలో గాజు తలుపు. కిటికీ పోయింది. రెండో కుర్చీ పట్టక అమ్మేసింది. టీచరమ్మ ఆ ఏడంతా తలకి గుడ్డ కట్టుకునే పాఠాలు చెప్పింది. జుట్టు పెరిగాక మళ్ళీ అక్క దగ్గరికే వచ్చింది. రంగుకి మాత్రం కాదు.

యాప్ చివరికి వచ్చింది. అప్పటికి ఇంకో కంపెనీవాళ్ళది అందరి ఫోన్లలో చేరిపోయింది. ఎల్లుండి సార్ దుకాణం కట్టేసి పెద్ద వ్యాసం రాశాడు. తాము కాలానికంటే ముందున్నామనీ, లోకం ఇంకా సిద్ధంగా లేదనీ. వేలమంది మెచ్చుకున్నారు. టీం లీడ్ కన్నీళ్ళ బొమ్మ పెట్టాడు.

లేటుబాబుకి ఇంకో చోట చిన్న ఉద్యోగం దొరికింది. సెలవురోజుల్లో అక్క దగ్గర కూర్చుంటాడు. అలా ఒక సెలవురోజు మందుల షాపుకి తలనొప్పి మాత్రలకని ఎల్లుండి సార్ వచ్చాడు. గాజులోంచి గుర్తుపట్టి, తలుపు తోసుకుని వచ్చేశాడు.

"ఏమయ్యా! నువ్విక్కడా! పాతవి మనసులో పెట్టుకోకు. కొత్త కంపెనీ పెడుతున్నాను. నిజం చెప్పనా? ఆ రోజుల్లో మన దగ్గర పనిచేసింది ఆ గడియారం ఒక్కటే. మళ్ళీ అలాంటిదే కావాలి నాకు."

అక్క చేతులు ఒకావిడ తలలో ఉన్నాయి. తలెత్తకుండానే, "ఒరేయ్, టైము చూడు. పక్క కుర్చీలో ఆవిడకి కడగాలి," అంది. పక్క కుర్చీ అంటే స్టూలే. లేటుబాబు గోడ కేసి చూసి, చేతులకి తొడుగులు వేసుకుని లేచాడు.

"ఒక్క నిమిషం ఆగవయ్యా, మాట్లాడుతుంటే!" అన్నాడు ఎల్లుండి సార్.

అతను ఆవిడ తల బేసిన్ వైపు వంచి, కుళాయి తిప్పి, వెనక్కి తిరగకుండా అడిగాడు:

"మీ నిమిషమా సార్, మా అక్క నిమిషమా?"