మిరపకాయల సంగతి చెప్పనివ్వలేదు

స్త్రీలు రాసిన పుస్తకాలంటే నాకు పిచ్చి. మద్రాసులో చదువుకునే రోజుల్లో పట్టుకున్న ఆ పిచ్చి, పెళ్లయి జగ్గయ్యపేట వచ్చినా వదల్లేదు. ధైర్యంగా నిలబడటం గురించీ, పదిమందినీ ముందుండి నడిపించడం గురించీ వాళ్లు రాసిన చోటల్లా పెన్సిలుతో గీతలు పెట్టుకుని, గురువారం మధ్యాహ్నాలు మా మహిళా సమాజంలో చదివి వినిపించేదాన్ని. చదివింది చాలక మధ్యమధ్య ఉపన్యాసం. ఎవరైనా ఆవలిస్తే ఊరుకునేదాన్ని కాదు. ఇన్ని చదివినదాన్ని ఒక పిల్లకి చేసిన అన్యాయం తలుచుకుంటే ఇప్పటికీ ముద్ద మింగుడుపడదు.

ఆ పిల్ల మా సమాజానికి వస్తుండేది. ఒక మిరపకాయల టోకు వ్యాపారి కోడలు. ఇరవై రెండేళ్లుంటాయేమో. స్వరాజ్యం వచ్చిన మరుసటి వేసవిలో, సరిగ్గా సరుకు దిగే రోజుల్లో, ఆమె భర్త టైఫాయిడ్‌తో మంచం పట్టాడు. మామగారికి చూపు ఆనదు. గరికపాడు అవతల నిజాం సరిహద్దులో గొడవలు. ఏ బండి ఎప్పుడొస్తుందో తెలియదు. ఆ రెండు నెలలూ తలుపు వారగా కూచుని కొట్టు నడిపింది ఆమే. ఆమె బస్తాలో చెయ్యి పెట్టిందంటే అడుగున దాచిన తెల్లబారిన తాలుకాయ పైకి రావాల్సిందేనని వీరులపాడు రైతులు చెప్పుకునేవారట. భర్త లేచి తిరగ్గానే ఆమెను మళ్లీ వంటింట్లోకి పంపేశారు. ఆమె ప్రాణమంతా కొట్టు మీదే ఉంది.

ఆ ఏడు నందిగామలో మహిళా సమాజాల సభ పెట్టారు. పందిరి ఖర్చు ఆమె మామగారే పెట్టుకున్నారు.

“అక్కయ్యగారూ, మామయ్యగారు కూడా వస్తున్నారండి. నేనూ నాలుగు ముక్కలు మాట్లాడనా? ఇంట్లో ఆయన ముందు నాకు నోరు పెగలదు. అక్కడ వింటే మళ్లీ కొట్టులో కూచోనిస్తారేమోనని ఆశ” అంది.

తను రాసుకున్న కాగితం చేతికిచ్చింది. చేతులు మండితే ఏం రాసుకునేదో, కొట్టుకోబోయిన ఇద్దరు బండివాళ్లను ఎలా విడదీసిందో అందులో ఉంది. చదివి నవ్వాను.

“ఏమిటమ్మా ఇది, సభలో మిరపకాయలు ఆరబోస్తావా?”

“నాకు తెలిసింది అదేనండి.”

“తెలిసింది చెప్పడానికి సభెందుకు, వంటిల్లు చాలదూ?”

నేను గీతలు పెట్టుకున్న వాక్యాలన్నీ ఏరి మూడు పేజీలు రాసి, పదిహేను రోజులు ఆమె చేత బట్టీ పట్టించాను.

“కొట్టు మాట ఎక్కడా రాలేదేంటండీ?” అని అడిగింది ఒకసారి.

“అంతర్లీనంగా ఉంది” అన్నాను. నాకు కనపడని నాయకురాలు నా ఎదురుగానే కూచుని నా మాటలు వల్లిస్తోంది!

బొగ్గుతో నడిచే బస్సులో నందిగామ వెళ్లాం. ఆమె లేచి రెండు వాక్యాలు చక్కగా చెప్పింది. మూడోది అందలేదు. నా వంక చూసింది. నేను వెనకనుంచి అందించాను. నాది అసలే పెద్ద గొంతు, ముందు వరసలో వాళ్లంతా విని నవ్వారు. ఆమె కూచుండిపోయింది. మామగారు తల దించుకున్నారు.

నెల తిరక్కుండానే కొట్టులో కొడుక్కి తోడుగా ఉండటానికి వాళ్ల అల్లుణ్ణి పిలిపించారు. “నలుగురిలో నోరు పెగలని పిల్ల రైతులతో ఏం బేరమాడుతుంది?” అన్నారట పెద్దాయన. ఆ మాట నా చెవిన పడగానే చెప్పులేసుకుని బయలుదేరాను.

ఆయన అరుగు మీద కుర్చీ వేయించారు. ఆమె ఆ రెండు నెలలు చేసిన పనంతా పూసగుచ్చినట్టు చెప్పాను. నేను నవ్విన ఆ కాగితంలో మాటలే, ఒక్కటీ పోకుండా. ఆయన ఓపిగ్గా విన్నారు.

“మీరు మాట్లాడతారమ్మా, ఎవరు కాదన్నారు? నాకు కావాల్సింది మా పిల్ల మాట. దానికి చేతనైతే అదే చెప్పేదిగా.”

లోపలి గుమ్మం దగ్గర అలికిడైంది. ఆమె గడప దాటి అరుగు మీదకొచ్చి నిలబడింది. “మామయ్యగారూ…” అంది.

“నువ్వుండమ్మా, నేను చెబుతున్నాగా” అన్నాను.

అంత చదువు చదివి ఆ ఒక్క క్షణం నోరు మూసుకోవడం నాకు చేతకాలేదు. ఆమె నా వైపు చూసి లోపలికి వెళ్లిపోయింది. నేను ఇంకో అరగంట వాదించాను.