పళ్లతో ఇంజను విన్న చిన్నపోలయ్య

చిన్నపోలయ్యది ఇసకపల్లె. నాయనా, అన్నలూ సముద్రాన్ని నమ్ముకుంటే, ఆయన మాత్రం అల్లూరు రైసుమిల్లులో ఆయిలింజను దగ్గర పనికి చేరినాడు. ఇరవై ఏళ్లు ఆ మోత పక్కనే నిలబడేసరికి రెండు చెవులూ పోయినాయి, ఆ వెనకే ఉద్యోగమూ పోయింది. అప్పుడు కోవూరు రోడ్డు పక్కన తాటాకు పందిరి వేసుకుని కార్లు బాగుచెయ్యడం మొదలుపెట్టినాడు.

చెవిటి మెకానిక్కు దగ్గరికి ఎవరొస్తారని జనం నవ్వినారు. ఆయన మాత్రం పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజనుకి ఆనించి, పిడిని పళ్లతో కరిచిపట్టుకుని కళ్లు మూసుకునేవాడు. లోపలి అదురు పళ్లలోంచి తలలోకి పాకేది. 'కార్లని కరిచే పోలయ్య' అని పేరు పడింది. వచ్చినవాళ్ల మాటల్ని భార్య పోలేరమ్మ ఎదురుగా నిలబడి నిదానంగా పెదవులు కదిపి చెప్పేది.

పంతొమ్మిది వందల అరవై మూడులో ఒకనాడు రంగనాయకులు తన టాక్సీ తెచ్చినాడు. అల్లూరికీ నెల్లూరికీ మధ్య తిరిగే పాత కారు.

"పొద్దున స్టార్టు చేస్తే డబ్బాలో గులకరాళ్లు ఊపినట్టుంటది. రెండు మైళ్లు పోతే ఆ చప్పుడు మాయం. నెల్లూరులో చూపిస్తే ఏమీ లేదు పొమ్మన్నారు" అన్నాడు.

సంగతి తెలుసుకుని చిన్నపోలయ్య బానెట్టు మీద చెయ్యి వేసినాడు. "వేడెక్కిన ఇంజను నిజం చెప్పదన్నా. ఇక్కడే వదిలిపెట్టి పో. చల్లారినాక రేపు అడుగుతా."

తెల్లారి స్టార్టు చేయించి స్క్రూడ్రైవరు కరిచినాడు. రంగనాయకులు నవ్వాపుకోలేక మొహం పక్కకి తిప్పుకున్నాడు.

"లోపల రెండు పళ్లచక్రాల్ని కలిపి తిప్పే టైమింగ్ చైను సాగిపోయింది. మార్చాల."

"తిరుగుతానే ఉండాది గదా? తెగినప్పుడు చూద్దాం" అన్నాడు రంగనాయకులు.

"మిల్లు బెల్టయితే పీచులు లేచేది కంటికి కనబడుద్ది. ఇది మూత లోపల ఉండాది. ఇన్నేళ్లకి మార్చాలని గడువు లేదు, చప్పుడే చెప్పాల. సాగిన చైను ఒక పన్ను దాటిందంటే ఇంజను నడిరోడ్డు మీద ఆగిపోద్ది. ఈమధ్య ఎత్తెక్కేటప్పుడు బలం తగ్గలా?"

తగ్గింది. మొన్న పెన్న వంతెన ఎక్కేచోట ఒక ఒంటెద్దు బండి తన టాక్సీని దాటుకుని పోయింది. ఆ ముచ్చట రంగనాయకులు ఇంట్లో కూడా చెప్పలేదు. మూత తియ్యమన్నాడు.

లోపల చైను వదులైన మొలతాడులా వేలాడతా ఉంది. మూత లోపలి గోడకి రాసుకుని రాసుకుని మెరిసే గాడి పడింది. రంగనాయకులు అందులో వేలు పెట్టి చూసినాడు. గోరంత లోతు.

"సరే, చైను మార్చు. పళ్లచక్రాలు రెండూ పాతవే ఉండనీ."

చిన్నపోలయ్య పోలేరమ్మ వైపు తిరిగినాడు. "ఏమంటాడు?"

"చక్రాలు వద్దంట."

"మూడూ మార్చమన్నాడా? మంచిది."

రంగనాయకులు గొంతు పెంచినాడు. రోడ్డు మీద పోయేవాళ్లు ఆగి చూసినారు. చిన్నపోలయ్య వినయంగా తలూపి, "అట్నే, మూడూ" అన్నాడు.

పోలేరమ్మ కొంగు అడ్డం పెట్టుకుంది. "అరిగిన పళ్ల మీద వేస్తే కొత్త చైను ఆర్నెల్లకే సాగుద్దన్నా. అందుకే ఆ ఒక్క మాట ఆయనకి ఎప్పుడూ అర్థం కాదు."

మద్రాసు నుంచి సామాను రావడానికి నాలుగు రోజులు పట్టింది. చిన్నపోలయ్య రెండు చక్రాల మీది గుర్తులు ఒకదానికొకటి ఎదురొచ్చేట్టు కూర్చి, చైను వేసి, ఇంజన్ని చేత్తో తిప్పి మళ్లీ సరిచూసినాడు. అప్పుడు మూత బిగించి రంగనాయకుల్ని కూర్చోమన్నాడు.

రంగనాయకులు స్టార్టరు లాగినాడు. చప్పుడు లేదు. అంటుకోలేదనుకుని ఇంకోసారి లాగేసరికి కారు కీచుమని అరిచింది. మడ్గార్డు మీద చెయ్యి ఆనించుకున్న చిన్నపోలయ్య ఉలిక్కిపడి ముందుకొచ్చినాడు.

"స్టార్టరు పళ్లు రాలగొడతావా ఏంది? ఇంజను తిరుగుతానే ఉండాది."

"నాకు వినపళ్లా పోలయ్యన్నా" అన్నాడు రంగనాయకులు బిక్కమొహం వేసి.

పెదవులు చూసి ఈసారి చిన్నపోలయ్యకి ఎవరూ చెప్పకుండానే అర్థమైంది. జాలిగా భుజం తట్టి, "నీక్కూడానా?" అన్నాడు.

పోలేరమ్మకి నవ్వు ఆగలేదు. రంగనాయకులు కూడా నవ్వుతానే పెన్న వైపు కారు తిప్పినాడు. అలవాటైన చప్పుడు లేకపోయేసరికి తోచక, నెల్లూరు చేరేలోపు రెండుసార్లు దిగి బానెట్టు ఎత్తి చూసుకున్నాడంట.