అయిదు మీటర్ల చదరంలో అర్జెంటీనా

తెలివితక్కువ పని చేసినవాడు ముందే ఒప్పేసుకుంటే వినేవాళ్లకు శ్రమ తగ్గుతుంది. 2022 నవంబరులో, ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు నడుస్తున్న రోజుల్లో, దేశాలను తూచే లెక్కతో నేను ఆళ్లగడ్డలో ఒక బడి ఆడపిల్లల జట్టును తూచాను. తూచి ఊరుకున్నా బాగుండేది. కాగితం మీద రాసి సంతకం కూడా పెట్టాను.

నేను గణాంక శాఖలో చిన్న ఉద్యోగిని. కాపురం నంద్యాలలో, పని ఆళ్లగడ్డ, రుద్రవరం పొలాల్లో. దిగుబడి అంచనా కోసం మేం క్రాప్ కటింగ్ చేస్తాం. ఏ పొలంలో కోయాలో, ఆ పొలం మూల నుంచి ఎంత దూరం నడిచి ఆగాలో ర్యాండమ్ నంబర్లు చెబుతాయి. చీటీలు తీసినట్టన్నమాట, ఎవరి ఇష్టమూ చెల్లదు. ఆగినచోట అయిదు మీటర్ల చదరానికి తాడు కట్టి, లోపలి పైరు కోయించి, నూర్పించి, తూకం వేస్తాం. ఇలాంటివి ఊళ్లో నాలుగు కోసి సగటు తీస్తేనే ఊరి పంట తేలుతుంది. పంట కోత నా ఉద్యోగం, కోతలు కోయడం నా అలవాటు.

ఫుట్‌బాల్ నాకు కాళ్లతో రాలేదు, కళ్లతో వచ్చింది. ఆర్థిక శాస్త్రం చదివినవాళ్లు దేశాల ఆటను మూడు గడుల్లో చూస్తారు. మొదటిది జనాభా: మంది ఎక్కువైతే మంచి ఆటగాళ్లు దొరుకుతారు. రెండోది తలసరి ఆదాయం: మైదానాలు, శిక్షకులు, కడుపు నిండిన పిల్లలు ఉంటారు. మూడోది అనుభవం, అంటే ఆ దేశం ఇప్పటిదాకా ఆడిన మ్యాచులు. మన ఉమ్మడి కర్నూలు జిల్లా అంత జనం కూడా లేని ఉరుగ్వే రెండుసార్లు కప్పు గెలిచిందంటే అది మూడో గడి చలవే. మన దేశం మొదటి గడిలో పొంగి, మిగతా రెండింట్లో ఇంకిపోతుంది. ఈ గడులన్నీ నింపిన నోటు పుస్తకం ఎప్పుడూ నా సంచిలో ఉండేది.

ఆ పుస్తకం సుబ్బయ్య శెట్టిగారి కంటపడింది. ఆయనకు ఆళ్లగడ్డ బజారులో కిరాణా అంగడి, రుద్రవరం దగ్గర వరి పొలం ఉన్నాయి. పైగా ఆ బడి కమిటీకి అధ్యక్షుడు.

"సారూ, మా బళ్లో ఆడపిల్లోల్లు బంతి తంతాండారు. మూడాటలాడి మూడూ ఓడినారు. టీం తీసేసి ఆ జాగాలో షటిల్ కోర్టు వేద్దామని మా ఆలోచన. నువ్వు లెక్కలోడివి, ఒక మాట రాసియ్యప్పా," అన్నారు.

నా లెక్కను గంభీరంగా అడిగిన మొదటి మనిషి ఆయనే. ఉబ్బిపోయాను. ఆ మూడింట్లో నేను చూసింది ఒకే ఒక్క ఆట, అదీ సగం నుంచి. రెండు గోల్స్‌తో ఓడారు. మూడు గడులూ వేశాను: ఊరు చిన్నది, ఆదాయం తక్కువ, అనుభవం మూడు మ్యాచులు. "అవకాశం స్వల్పం" అని రాసిచ్చాను. శెట్టిగారు దాన్ని మర్నాడు ప్రార్థన సమయంలో పిల్లలందరి ముందూ చదివించారు.

ఆ సాయంత్రం బస్టాండులో డ్రిల్లు మాస్టారు జయరాజు నన్ను పట్టుకున్నాడు. ఆదివారం చర్చికి, మిగతా ఆరు రోజులూ మైదానానికి అంకితమైన మనిషి. పక్కన జట్టు కెప్టెన్ కెజియా, తొమ్మిదో తరగతి.

"అన్నా, మొన్న అర్జెంటీనా సౌదీ చేతిలో ఓడిపాయ గదా, ఏమన్నావు?" అన్నాడు జయరాజు.

"ఒక్క ఆటతో ఏం తేలుతుంది, ఇంకా చాలా ఉందన్నాను."

"అర్జెంటీనాకైతే ఒక న్యాయం, ఆళ్లగడ్డకైతే ఒక న్యాయమా?"

కెజియా అందుకుంది. "సార్, మూడో గడిలో మాకు మూడే అని రాసినారంట. ఆడితేనే గదా సార్ అది పెరిగేది? తీసేస్తే యాడ పెరుగుతుంది?"

బస్సు వచ్చింది. నంద్యాల దాకా కిటికీలోంచి వరి పొలాలు చూస్తూ కూర్చున్నాను. రోడ్డు పక్క మడి చూసి ఊరి పంట రాసే గుమాస్తాలను వెక్కిరించేవాణ్ని నేనే. మూడు గడుల్లో జనాభా, ఆదాయం పిల్లల చేతుల్లో లేవు. చేతిలో ఉన్న ఒక్క గడికీ నేను తాళం వేసి వచ్చాను.

మరుసటి వారం నందికొట్కూరులో వాళ్ల స్నేహపూర్వక మ్యాచుకు సెలవు పెట్టి వెళ్లాను. ఈసారి గోల్స్ కాదు, గోలు వైపు కొట్టిన షాట్లు లెక్కపెట్టాను. ఫుట్‌బాల్‌లో గోల్స్ అరుదు, గాలివాటం ఎక్కువ. అందుకే నాలుగు ఆటల ఫలితాల కన్నా షాట్లు నిజం చెబుతాయి. మనవాళ్లవి పదకొండు, వాళ్లవి నాలుగు. ఒక గోలుతో మనమే ఓడాం. కెజియా కొట్టిన రెండు షాట్లు గోలు కర్రకు తగిలి వెనక్కొచ్చాయి.

ఆ కాగితం పట్టుకుని అంగడికి వెళితే శెట్టిగారు చింతపండు తూస్తూ నవ్వారు. "రాసేటప్పుడు ఆఫీసరు, చెరిపేటప్పుడు పిల్లోడు అయితే ఎట్లప్పా? నీ మొదటి కాగితమే బాగుండాది. పంతొమ్మిదో తేదీ సోమవారం కమిటీ. అదే పెడతాండా." తరువాత పది మంది ముందు, "ఈ సారు మాట ఉదయమొకటి, సాయంత్రమొకటి," అని అంగడికి వచ్చినవాళ్లకు నన్ను కొసరుగా పంచారు. తప్పు నాదే కాబట్టి తలవంచుకున్నాను.

ఇంతలో రుద్రవరంలో వరి కోతలు మొదలయ్యాయి. ర్యాండమ్ నంబరు శెట్టిగారి పొలం మీద పడింది. అంకెలకు నా మీద ఎప్పుడూ అంత దయ లేదు. చెప్పినన్ని అడుగులు నడిచి ఆగితే, ఆ చోట పైరు గుర్రం మెడలా నిలబడి ఉంది. వానకు పడిపోయిన పైరంతా అవతలి పక్క. పంట బీమా కోసం నష్టం రాయించుకుందామని వచ్చిన శెట్టిగారు గట్టు మీద కాలు నిలపలేకపోయారు.

"సారూ, ఆ పక్కకి రా, అంతా పండుకునిండాది!"

"నంబరు ఇక్కడే అంటోందయ్యా. జరపడానికి నాకు హక్కు లేదు. మిగతా పొలాలూ కోసి సగటు తీస్తాం, భయపడకండి."

"ఒక్క జాగా చూసి పొలమంతా ఎట్ల తేలుస్తావప్పా? ఇదేం న్యాయం?"

తాడు పట్టుకున్న చేయి అక్కడే ఆగిపోయింది. "మళ్లీ ఒకసారి చెప్పండి," అన్నాను. కోపంలో ఉన్నారు, ఇంకా గట్టిగా చెప్పారు. సంచిలోంచి నోటు పుస్తకం తీసి రాసుకున్నాను.

ఇన్నేళ్ల ఉద్యోగంలో నేను నేర్చుకున్నది ఆ వాక్యంలోనే ఉంది. అంకె తప్పు చెప్పదు. దాన్ని ఎక్కడ నిలబడి కోశామన్నదే తప్పు చెబుతుంది. ఆ సంగతి పొలంలో నాకు తెలుసు, మైదానంలో మరిచాను. శెట్టిగారికి మైదానంలో తెలియలేదు, పొలంలో తెలిసింది.

ఆదివారం అర్జెంటీనా కప్పు ఎత్తింది. సోమవారం కమిటీలో నా రెండో కాగితం చదవడానికి జయరాజు నాకు అయిదు నిమిషాలు ఇప్పించాడు. షాట్ల లెక్క తరువాత చదివాను. మొదటి వాక్యం మాత్రం ఇది: "ఒక్క జాగా చూసి పొలమంతా ఎట్ల తేలుస్తావప్పా? ఇదేం న్యాయం? - కమిటీ అధ్యక్షులు సుబ్బయ్య శెట్టిగారు, రుద్రవరం పొలం గట్టు మీద."

గది నవ్వింది. శెట్టిగారు కళ్లద్దాల మీదుగా నన్ను చూశారు.

"రాసుకున్నావా అప్పా, ఆ మాట?"

"రాసుకోవడమే కదయ్యా నా ఉద్యోగం."

ఆయన నా మొదటి కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నారు. వచ్చే ఏడాదికి పది మ్యాచులు రాసుకోమని జయరాజుతో అన్నారు. నేను రెండో కాగితాన్ని ఆయన ముందుకు జరిపి, మొదటి వాక్యం కింద సంతకం పెట్టించుకున్నాను.